సైనికుడి సర్వీసు కాలాన్ని సొంత ఊళ్లో నివాసంగా లెక్కించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు,
రెండు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖల సంచాలకులకు,
న్యూఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు కార్యదర్శికి

నమస్కారములతో రాస్తున్న బహిరంగ లేఖ.

నేను ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్‌లో 26 ఏళ్లు పనిచేసి నాయబ్ సుబేదారు హోదాలో పదవీ విరమణ చేశాను. మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దగ్గరి పల్లె. డిగ్రీ, బీఈడీ చేసి హవల్దారుగా చేరిన నాకు సైన్యం అప్పగించిన పని జవాన్లకు చదువు చెప్పడం. మ్యాపు చదవడం, లెక్కలు, ప్రమోషన్‌కు కావలసిన ఆర్మీ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పరీక్షలు, ఇవే నా పాఠాలు. తుపాకీ కంటే సుద్దముక్క ఎక్కువ పట్టినవాడని తోటివాళ్లు నన్ను ఆటపట్టించేవారు. ఊరికి తిరిగొచ్చినా ఆ అలవాటు పోలేదు. ఏటా వేసవి చివర మొదలుకొని చలికాలం దాకా చుట్టుపక్కల మండలాల మాజీ సైనికులు, వాళ్ల ఇల్లాళ్లు, భర్తను పోగొట్టుకున్నవారు డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ మంజూరు పత్రమైన పీపీఓ, పిల్లల మార్కుల జాబితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని మా ఇంటి అరుగు మీదికి వస్తారు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెడతాను, కౌన్సెలింగ్‌కు ఏయే కాగితాలు కావాలో చెబుతాను. నన్నెవరూ నియమించలేదు కనుక నా మాటకు అధికారమేమీ లేదు. అయితే కవరులోని కాగితాలు చూసిన అనుభవం ఉంది, ఆ అనుభవంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

నా ఫిర్యాదు ఒక్క మాటలో చెప్పగలిగినదే. సైనికుల పిల్లల చదువు కోసం పథకాలు లేవని నేను అనడం లేదు. తండ్రి దేశం కోసం ఊరు విడిచి తిరిగిన కాలమే పిల్లవాడు కాలేజీ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అతని అనర్హతగా మారుతోంది. మిగతా లోపాలన్నీ దీని తరువాతవే, కాబట్టి ముందు దీని గురించే వివరంగా చెబుతాను.

ఇంజినీరింగ్, మెడిసిన్ వంటి కోర్సుల సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయించే పద్ధతి మనకు రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులతో మొదలైంది. అర్హత పరీక్షతో, అంటే ఇంటర్‌తో, ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. 1969లోనూ 1972లోనూ రెండు వైపులా రగిలిన ఉద్యమాల తరువాత వచ్చిన ఏర్పాటు అది. దానిమీద నాకు ఎలాంటి వ్యతిరేకతా లేదు. వెనుకబడిన జిల్లా పిల్లల సీట్లు పెద్ద ఊళ్ల పిల్లలు తన్నుకుపోకుండా కాపాడిన నియమం అది, మా ఉత్తరాంధ్ర పిల్లలకూ దానివల్ల మేలే జరిగింది.

ఇప్పుడు నా కొడుకు సంగతి వినండి. వాడు ఆరు నుంచి ఎనిమిది దాకా జోధ్‌పూర్‌లోని కేంద్రీయ విద్యాలయంలో చదివాడు, తొమ్మిది, పది పఠాన్‌కోట్‌లో. ఆ తరువాత నాకు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీలులేని ఫీల్డ్ ఏరియాకు పోస్టింగ్ రావడంతో నా భార్య పిల్లలిద్దరినీ తీసుకొని వచ్చేసింది. వాణ్ని విశాఖపట్నంలో ఇంటర్‌లో చేర్పించాం. రెండేళ్లు కష్టపడ్డాడు, ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకే వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు వరుసగా పేర్చి చూసిన ఉద్యోగి, మర్యాదగానే, ఫారం మీద ‘నాన్ లోకల్’ అని రాశారు. నేను సెలవు పెట్టి వచ్చి పక్కనే నిలబడి ఉన్నాను. మా తాత, మా నాన్న పుట్టి పోయిన ఊరు, నా పేరున పొలం పాసుపుస్తకం ఉన్న ఊరు అక్కడికి నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంది. ఆ ఉద్యోగిని నేను తప్పుపట్టను. నియమంలో ఉన్నదే ఆయన రాశారు. నాలుగేళ్లు కావాలి, మావాడికి ఉన్నవి రెండు.

నాన్ లోకల్ అయినంత మాత్రాన తలుపు పూర్తిగా మూసుకుపోదు. మిగిలిన 15 శాతంలో పోటీపడవచ్చు, తల్లిదండ్రులలో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే చాలు. ఆ పదేళ్లు లెక్కించేటప్పుడు రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలాన్ని పక్కన పెట్టాలని నియమమే చెబుతుంది. అంటే ఉద్యోగం కోసం బయటికి వెళ్లడం వేరు, ఊరు వదులుకోవడం వేరు అన్న తేడా ఈ నియమాలు రాసినవారికి తెలియనిది కాదు. కానీ ఆ 15 శాతం సీట్లకు స్థానికులు కూడా అర్హులే. పెద్ద ర్యాంకర్లు ముందుగా నిండేది అందులోనే. స్థానికుడిగా అయితే విశాఖలోనే మంచి కాలేజీలో సీటు వచ్చే ర్యాంకుతో మావాడు చివరికి మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కట్టి చేరాడు. నా గ్రాట్యుటీలో ఎంత భాగం దానికి వెళ్లిందో ఇక్కడ రాయను.

ఇక్కడ ఒక చట్టాన్ని మీ దృష్టికి తేవాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20వ సెక్షన్ మూడో ఉపవిభాగం సైనికుడి నివాసం గురించి చెబుతుంది. సైన్యంలో ఉద్యోగం లేకపోయి ఉంటే అతడు ఏ నియోజకవర్గంలో మామూలుగా నివసిస్తూ ఉండేవాడో, ఆ నియోజకవర్గంలోనే నివసిస్తున్నట్టు భావించాలని దాని తాత్పర్యం. అతనితో కలిసి ఉండే భార్యకూ ఇదే వర్తిస్తుంది. అందుకే నేను జోధ్‌పూర్‌లో ఉన్నా, పఠాన్‌కోట్‌లో ఉన్నా, మంచుకొండల మీద బంకర్లో ఉన్నా నా ఓటు మా పల్లెలోనే ఉంది. పోస్టల్ బ్యాలెట్ యూనిట్‌కు వచ్చేది, నేను టెక్కలి ఎమ్మెల్యేను ఎన్నుకునేవాణ్ని. ఎన్నికల చట్టం లెక్కన నేను ఊరు కదలలేదు. ప్రవేశాల నియమాల లెక్కన నా కొడుకు ఊరివాడే కాదు. ఒకే దేశంలో, ఒకే తండ్రీ కొడుకుల విషయంలో రెండు నియమాలు ఇంత ఎదురెదురుగా నిలబడటం న్యాయంగా కనిపించడం లేదు.

ఇది నా ఇంటి ముచ్చటే అయితే లేఖ రాసేవాణ్ని కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, గిద్దలూరు ప్రాంతం నుంచి తరతరాలుగా పిల్లలు సైన్యంలోకి వెళ్తున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో ఉన్న మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. అలాంటి ఊళ్లలో తండ్రి కుటుంబాన్ని వెంట ఉంచుకోగల పీస్ స్టేషన్‌లో ఉన్నన్నాళ్లు అతనితో, ఫీల్డ్‌కు వెళ్తే అమ్మమ్మ ఇంట్లో, మళ్లీ కొత్త క్వార్టర్లో, ఇలా పదో తరగతి లోపు నాలుగైదు బళ్లు మారిన పిల్లలు ఎంతమందో ఉంటారు. తెలుగు రాయడం సరిగా రాని పిల్లలూ ఉంటారు, ఎందుకంటే రాజస్థాన్ బడిలో తెలుగు చెప్పేవాళ్లు లేరు. ఆ నష్టం ఎలాగూ వాళ్లదే. దానిమీద స్థానికత పోవడం రెండో నష్టం.

దీన్ని సరిదిద్దవచ్చని చూపడానికి నేను ఎక్కడో వెతకనక్కరలేదు. తెలంగాణలో మెడికల్ సీట్లకు నాలుగేళ్ల స్థానిక చదువు నియమంపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరు 1న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం రాష్ట్ర నియమాన్ని సమర్థించింది. ఆ విచారణలో రాష్ట్ర ప్రభుత్వమే కొన్ని మినహాయింపులకు ఒప్పుకొంది. ఉద్యోగంలో చేరేటప్పుడు తెలంగాణను స్వస్థలంగా ప్రకటించిన రక్షణ దళాల సిబ్బంది, మాజీ సైనికులు, కేంద్ర సాయుధ పోలీసు దళాలవారి పిల్లలు ఆ మినహాయింపుల్లో ఉన్నారు. ఎవరి పిల్లలు ఏ కారణంగా బయట చదవవలసి వచ్చిందో ఆలోచించి చేసిన ఏర్పాటది, తెలంగాణ అధికారులకు ఇందుకు కృతజ్ఞుణ్ని. నేను అడిగేది ఆ వెసులుబాటు మెడిసిన్ దగ్గరే ఆగిపోకూడదని. ఇంజినీరింగ్, ఫార్మసీ, వ్యవసాయం, న్యాయశాస్త్రం, బీఈడీ, డిగ్రీ కోర్సులన్నిటికీ తెలంగాణలోనూ, అన్ని కోర్సులకూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పద్ధతి అమలు కావాలి. రాష్ట్రపతి ఉత్తర్వుల్లో మార్పు అవసరమైన చోట ఆ సిఫారసు చేసి పంపవలసింది కూడా రాష్ట్రాలే. రుజువు విషయంలో మీరు ఇబ్బంది పడనక్కరలేదు. భర్తీ నాడు రాసుకున్న స్వస్థలం చిరునామా మా సర్వీసు రికార్డులో ఉంటుంది, డిశ్చార్జి పుస్తకంలోనూ ఉంటుంది. అది ఏ తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కంటే పాతది, దిద్దడానికి వీల్లేనిది.

సైనికుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. క్యాప్ కోటా అని అందరూ పిలిచే ఆ కోటాలో మన ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో 2 శాతం సీట్లు, మెడిసిన్‌లో 1 శాతం సీట్లు ఉంటాయి. యుద్ధంలో మరణించినవారి పిల్లలు, అంగవైకల్యం పొందినవారి పిల్లలు, శౌర్య పతకాలు పొందినవారి పిల్లలు ముందు వరుసలో ఉంటారు. అలా ఉండటమే న్యాయం. మామూలుగా రిటైరైన జవాను పిల్లవాడి వంతు వచ్చేసరికి మిగిలేది కొద్దిగానే. ఆ కోటా మీద నాకు పేచీ లేదు. కోటా ఒక గౌరవం, స్థానికత ఒక హక్కు. ఒకటి ఇచ్చామని రెండోది తీసేయడం సరికాదన్నదే నా మనవి.

సీటు వచ్చాక ఫీజు సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకాలు మొదటినుంచీ కుటుంబ ఆదాయం మీద నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యాదీవెన కాలంలో పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. అంతేకాక ఇంట్లో ప్రభుత్వ పెన్షన్ అందుకునేవారు ఉంటే అప్పట్లో అర్హతే పోయేది. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఏళ్ల తరబడి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. హవల్దారుగా రిటైరైన మనిషికి కరువు భత్యంతో కలిపి నెలకు ముప్పై వేలు అటూ ఇటూ వస్తుంది. అతడు రిటైరయ్యే వయసు మీరు గమనించాలి. కలెక్టరేట్ గుమాస్తా అరవై దాటాక, పిల్లలు స్థిరపడ్డాక ఇంటికి వెళ్తాడు. జవాను ముప్పై అయిదుకో నలభైకో, అంటే పిల్లలు హైస్కూల్లో ఉండగానే ఇంటికి వస్తాడు. ఆ తరువాత బ్యాంకు గేటు దగ్గరో ఏటీఎం దగ్గరో సెక్యూరిటీ గార్డుగా నిలబడితే ఆ జీతం కూడా ఆదాయం లెక్కలో కలుస్తుంది. అదే తహసీల్దారు కార్యాలయం ఆర్థికంగా బలహీన వర్గాల సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఎనిమిది లక్షల దాకా ఆదాయం ఉన్న కుటుంబాన్ని బలహీనమైనదిగానే గుర్తిస్తుంది. ఒక కౌంటరులో బలహీనుడైనవాడు పక్క కౌంటరుకు జరిగేసరికి ధనవంతుడవుతాడు.

అయినా పెన్షన్ లేని రైతు కూలీ బిడ్డ వాటాలోంచి మాకు ఇవ్వమని నేను అడగను. ఆ బిడ్డ తండ్రికి నెల మొదటి తేదీన బ్యాంకులో ఏదీ పడదు. నేను అడిగేది ఇంకా చిన్నది. సర్వీసులో గాయపడి వైకల్యంతో ఇంటికి పంపబడిన సైనికుడి వైకల్య పెన్షన్‌కు, శౌర్య పతక గ్రహీతల పెన్షన్‌కు, విధి నిర్వహణలో పోరులో ప్రాణాలిచ్చిన సైనికుడి కుటుంబానికి వచ్చే కుటుంబ పెన్షన్‌కు ఆదాయపు పన్ను చట్టం మినహాయింపు ఇచ్చింది. పన్ను కోసమే ఆదాయంగా చూడని ఈ డబ్బును ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆదాయంగా చూడటం మానేయండి. రెండు రాష్ట్రాల్లో కలిపి చూసినా ఈ మూడు రకాల కుటుంబాలు ఖజానాకు భారమయ్యేంత మంది ఉండరు.

ఇప్పుడు కేంద్రీయ సైనిక్ బోర్డు వారికి.

మీ ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం గురించి మా అరుగు మీద అందరికంటే ఎక్కువ నేనే చెబుతుంటాను. 2006-07లో మొదలైంది. 1962లో చైనా యుద్ధ సమయంలో ప్రజల విరాళాలతో ఏర్పడిన జాతీయ రక్షణ నిధి నుంచి దీనికి డబ్బు వస్తుంది. ఏటా 5,500 మందికి, అందులో సగం ఆడపిల్లలకు. ప్లస్ టూ లేదా అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. 2019-20 నుంచి అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు ఇస్తున్నారు. అమ్మాయికి ఎక్కువ ఇవ్వడం నాకు ఎంతో నచ్చిన అంశం. ఆ యాభై శాతమూ ఆ అయిదు వందలూ చూసి కూతుర్ని ఇంజినీరింగ్‌కు పంపించడానికి ఒప్పుకున్న తండ్రులను నేను ఎరుగుదును. వితంతువులు కూడా ఈ స్కాలర్‌షిప్‌కు అర్హులేనని చాలామందికి తెలియదు. పక్క మండలంలో ముప్పై ఏళ్లు నిండకముందే భర్తను పోగొట్టుకున్న ఒక తల్లి దీని ఆసరాతో బీఈడీ పూర్తి చేసి ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతోంది.

కానీ ఏటా దాదాపు 60 వేల మంది సైన్యం నుంచి రిటైరయ్యే దేశంలో 5,500 అనేది చిన్న సంఖ్య. ఏడాదికి అమ్మాయికి 36 వేలు, అబ్బాయికి 30 వేలు. హైదరాబాద్‌లో కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల ఫీజు లక్షన్నర దాటిపోయింది, హాస్టల్ ఖర్చు దానికి అదనం. మొత్తం పెంచడం నిధి స్థోమతను బట్టి మీరు నిర్ణయించవలసింది. నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. ఈ స్కాలర్‌షిప్ బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ, ఎంబీఏ, ఎంసీఏ వంటి వృత్తి విద్యా కోర్సులకే పరిమితం. బీఎస్సీ, బీకాం, బీఏ చదివేవారికి వర్తించదు. వాళ్లకోసం రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి కింద విద్యా గ్రాంటు ఉంది. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇద్దరు పిల్లలకు ఇచ్చే ఆ గ్రాంటును 2025 నవంబరు 1 నుంచి చేసే దరఖాస్తులకు నెలకు వెయ్యి నుంచి రెండు వేలకు పెంచారు. ఏటా డిసెంబరు 7న పిల్లలు డబ్బీలు పట్టుకొని పతాక దినోత్సవానికి వసూలు చేసే నిధే దీనికి ఆధారం. పెంపు సంతోషకరం. అయితే అది హవల్దారు, అంతకంటే తక్కువ హోదావారికే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నాయబ్ సుబేదారు కూతురు బీఎస్సీ కెమిస్ట్రీలో చేరితే మొదటి పథకం కోర్సును చూసి కాదంటుంది, రెండోది తండ్రి హోదాను చూసి కాదంటుంది. నా కూతురి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది, కాబట్టి ఈ ఖాళీ కాగితం మీద కనిపెట్టినది కాదు. ఒక్క ప్రమోషన్, ఒక్క నక్షత్రం భుజం మీద పడటంతో మా పిల్ల చదువు పథకాల మధ్య సందులో పడిపోయింది. ఆ పిల్ల ఇంజినీరింగ్‌లో చేరి ఉంటే 36 వేలు వచ్చేవి. కెమిస్ట్రీ ఇష్టపడటం ఆమె చేసిన పొరపాటు కాదు. సైన్స్, కామర్స్ డిగ్రీలను కూడా ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో చేర్చమని, అందుకోసం సంఖ్యను పెంచమని, అది వెంటనే కుదరకపోతే విద్యా గ్రాంటు హోదా పరిమితిని నాయబ్ సుబేదారు దాకా జరపమని కోరుతున్నాను.

దరఖాస్తుల్లో వచ్చే చిక్కుల గురించి ఎంతైనా రాయవచ్చు గాని రెండే చెబుతాను. మొదటిది పేర్లు. మన దగ్గర పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది. సైనికుడికి పిల్లలు పుట్టినప్పుడు పార్ట్ టూ ఆర్డర్ అనే సర్వీసు రికార్డు ఉత్తర్వులో నమోదయ్యే పేరు తరచూ ఇంటిపేరు లేకుండానో, ‘కుమారి’ చేర్చో, క్లర్కు చెవికి వినిపించిన అక్షరాలతోనో ఉంటుంది. ‘వి’ బదులు ‘బి’, ‘శ్రీ’ బదులు ‘సిరి’. పద్దెనిమిదేళ్లకు ఆ తేడా స్కాలర్‌షిప్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. దిద్దించుకోవాలంటే ఆర్టిలరీవాడైతే నాసిక్ రోడ్‌కు, మద్రాస్ రెజిమెంట్‌వాడైతే వెల్లింగ్టన్‌కు, నావంటివాడైతే పచ్‌మఢీకి ఉత్తరాలు రాయాలి. ఈలోగా ఆఖరు తేదీ వెళ్లిపోతుంది. ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, తండ్రి సర్వీసు నంబరు మూడూ సరిపోయినప్పుడు పేరులో అక్షరాల తేడాను జిల్లా సైనిక సంక్షేమ అధికారే ధ్రువీకరించే అధికారం ఇవ్వండి. రెండోది, విద్యార్థి అక్కడ చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు మొదటి అనుబంధం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, రెండోది కాలేజీ, మూడోది బ్యాంకు సంతకం చేయాలి. నిరుడు మా ఊరి పిల్ల ఒకతె చేరిన కాలేజీ, ఏడాది ఫీజు మొత్తం కడితేనే ఆ రెండో అనుబంధం మీద సంతకం పెడతామంది. ఫీజు కట్టడానికి స్కాలర్‌షిప్ కావాలి, స్కాలర్‌షిప్‌కు సంతకం కావాలి, సంతకానికి ఫీజు కావాలి. తండ్రి క్యాంటీన్ కార్డు మీద కొన్న మోటార్‌సైకిల్ అమ్మి కట్టాడు. ఉన్నత విద్యామండళ్ల వారు ఒక్క సర్క్యులర్ ఇస్తే ఈ సంతకాల బేరం ఆగిపోతుంది.

అగ్నివీరుల సంగతి మీ ముగ్గురి ముందూ ఉంచాలి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరినవారిలో 25 శాతం దాకా మాత్రమే సైన్యంలో కొనసాగుతారు, మిగతావారు నాలుగేళ్లకు ఇంటికి వస్తారు. తొలి బృందం శిక్షణ 2022 చివర, 2023 మొదట్లో ప్రారంభమైంది, అంటే వారి నాలుగేళ్లు 2026 చివరి నుంచి ముగుస్తాయి. వాళ్లకు మాజీ సైనికుల హోదా లేదు, పెన్షన్ లేదు. సేవానిధి పేరుతో సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు వస్తాయి. అందులో సగం వాళ్ల జీతంలోంచి కోసినదే. నా తరం సైనికుడు పిల్లల చదువు కోసం అడుగుతాడు. అగ్నివీరుడు తన చదువు కోసం అడగవలసి వస్తుంది, ఎందుకంటే ఇంటర్ పూర్తికాగానే వెళ్లిన అతనికి తిరిగి వచ్చేనాటికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. వాళ్లకోసం ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఒక డిగ్రీని రూపొందించింది, సైన్యంలో పొందిన శిక్షణకే అందులో సగం క్రెడిట్లు ఇస్తారు. మంచి ఆలోచనే. అయితే పాఠం చెప్పేవాణ్ని కనుక ఒక అనుమానం చెబుతాను. నాలుగేళ్లు తుపాకీతో ఉన్న కుర్రాడికి పోస్టులో వచ్చే పుస్తకాల కంటే తరగతి గది, లైబ్రరీ, తోటి విద్యార్థులు ఎక్కువ అవసరం. అమెరికాలో 1944లో చేసిన చట్టం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుణ్ని నేరుగా కాలేజీకి పంపింది. అంత ఖర్చు మనవల్ల కాదు, ఒప్పుకుంటాను. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో అక్కడి ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల ద్వారా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఏటా మిగిలిపోతున్న సీట్లలో ఫీజు లేకుండా వారిని చేర్చుకోవడం మాత్రం మనవల్ల అవుతుంది. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లో పుట్టింది. తెలుగులో చదువుకోవాలనుకునే అగ్నివీరులకు, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రాలు కూడా ఉన్నాయి. 2025 మే నెలలో సరిహద్దులో ప్రాణం అర్పించిన గోరంట్ల మండలం కల్లితండా యువకుడు అగ్నివీరుడే. అతని కుటుంబానికి ప్రభుత్వం సాయం ప్రకటించింది, నాయకులు ఆ తండాకు వెళ్లారు. ప్రాణంతో తిరిగివచ్చే అతని తోటివారికి కాలేజీలో ఒక బెంచీ చాలు.

పై వాటిలో ఏదీ మారనిది కాదని నాకు తెలుసు. యుద్ధంలో మరణించిన, గల్లంతైన, వైకల్యం పొందిన సైనికుల పిల్లల ఫీజులు భరించే రాయితీ 1971 యుద్ధం నాటి నుంచి ఉంది. 2017 జూలైలో దానికి నెలకు పది వేల రూపాయల పరిమితి పెట్టారు. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా ఆ పరిమితి తీసేయమని కోరుతూ రక్షణ మంత్రికి లేఖ రాశారు. 2018 మార్చిలో తీసేశారు. నేను అడ్మిరల్‌ను కాను. కానీ నా లేఖ అడుగుతున్నది ఆయన లేఖ అడిగినదానికంటే చిన్నదే, ఖర్చులో ఇంకా చిన్నది. స్థానికత మార్పుకు రూపాయి కూడా కాదు.

ఆ మార్పును ఏ మాటల్లో రాయాలో తెలియక ఫైలు ఆగకూడదని, పాత అలవాటు కొద్దీ ఆ వాక్యాన్ని నేనే రాసి పంపుతున్నాను. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని మాటలనే అనుసరించాను, మీ న్యాయ విభాగం వారు దిద్దుకోవచ్చు:

“తల్లి గాని తండ్రి గాని సైనిక దళాలలో పనిచేస్తూ లేదా పనిచేసి ఉండి, భర్తీ సమయంలో ఈ రాష్ట్రాన్ని స్వస్థలంగా ప్రకటించి ఉంటే, ఆ సర్వీసు కారణంగా అభ్యర్థి రాష్ట్రం వెలుపల చదివిన విద్యా సంవత్సరాలను, ఆ సర్వీసు లేకపోయి ఉంటే అభ్యర్థి ఏ స్థానిక ప్రాంతంలో చదివి ఉండేవారో ఆ ప్రాంతంలోనే చదివినట్టు భావించవలెను.”

ఇట్లు,
ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ నుంచి పదవీ విరమణ చేసిన ఒక నాయబ్ సుబేదారు,
టెక్కలి ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా.